నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ గారికి నమస్కరించి వ్రాయునది.

మూడు పేజీల వెబ్‌సైటులో ఒక మెనూ తెరుచుకోవడానికీ, ఫారంలో ఈమెయిల్ గడి ఖాళీగా ఉంటే హెచ్చరించడానికీ మాత్రమే నేనొక ఫ్రేమ్‌వర్క్‌ను (వెబ్‌సైట్ల కోసం ముందే కట్టి ఉంచిన కోడు చట్రాన్ని) ఆహ్వానించాను. ఒక్కరికి కబురు పెడితే వారి వియ్యంకులు, ఆ వియ్యంకుల తోడళ్లుళ్లు కూడా దిగినట్లు, ఇతరులు రాసిన కోడు మూటలైన ప్యాకేజీలు బస చేసే ఫోల్డరగు తమరు వందలాది ప్యాకేజీల పరివారంతో వేంచేసి నా డిస్కులో కాపురం పెట్టారు.

తప్పు తమది కాదు. ఏ ఫ్రేమ్‌వర్క్ మేలు, రియాక్టా, వ్యూనా, స్వెల్టా అని వారం రోజులు పోలికల పట్టికలు చదివి, రేపు లక్షలమంది వచ్చిపడితే తట్టుకోవాలి కదా అనుకున్నది నేనే. ప్రస్తుతానికి క్రమం తప్పకుండా వస్తున్నది నేనూ, ఒక సెర్చ్ ఇంజిన్ బాటూ. (బాటు ఈమధ్య కాస్త తగ్గించింది.)

తమ పరివారంలో ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో తెలుసుకోవడం నా తరం కాదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం అనే ప్యాకేజీల భండారం నుంచి తొలగించగానే, దానితో ముఖపరిచయమైనా లేని ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు (కోడును వాడకానికి సిద్ధం చేసే ప్రక్రియలు) నిలిచిపోయాయి. ఇంతకూ అది చేసేది పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడం. ఆ పనిని మరుసటి ఏడాదే ప్యాడ్‌స్టార్ట్ పేరిట జావాస్క్రిప్ట్ భాషా ప్రమాణంలోనే చేర్చారు.

2006లో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చినప్పుడు ఒక్కో బ్రౌజరుది ఒక్కో దారి కనుక, మధ్యవర్తి అవసరమయ్యాడు. ఇప్పుడు పేజీలో భాగాలను వెతికే క్వెరీసెలెక్టర్, సర్వరు నుంచి సమాచారం తెచ్చే ఫెచ్ వంటివి బ్రౌజర్లలోనే ఉన్నాయి. అంతెందుకు, నా ఈమెయిల్ గడికి హెచ్‌టీఎంఎల్‌లో రిక్వైర్డ్ అనే ఒక్క మాట, నా మెనూకు డీటెయిల్స్ అనే ఒక ట్యాగు సరిపోయేవని, ఎనిమిది నెలల తర్వాత ఒక అక్షరదోషం దిద్దబోయి, తమ ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగక బిల్డు మొరాయించిన రాత్రి తెలిసింది. ఆ దోషం ఇంకా అలాగే ఉంది.

కావున తమరిని సగౌరవంగా సాగనంపదలచాను. వెళ్లేటప్పుడు, నా కోడంతా కలిపినా అందులో పదోవంతైనా లేనంత పొడవున్న ఆ లాక్ ఫైలును (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసిపెట్టుకునే చిట్టాను) కూడా వెంట తీసుకుపోగలరని ప్రార్థన. ఇల్లు ఖాళీ చేసినవారి తాళం నా గుమ్మానికి ఎందుకు?

ఇట్లు,
తమ మాజీ గృహస్థు