టర్బో సీ గారూ, ఇక దయచేయండి

మహారాజశ్రీ టర్బో సీ ప్లస్‌ప్లస్ 3.0 గారి సముఖమునకు,

కోనసీమ లంకల మొదలు భీమవరం చెరువుగట్ల దాకా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల సీ ల్యాబుల తరఫున నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరూ క్షేమంగానే ఉన్నారు. మా బాధల్లా అదేనండి.

సీ, సీ ప్లస్‌ప్లస్ ప్రోగ్రాములని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌గా తమరు 1990ల మొదట్లో పుట్టారు. అప్పటికి సీ ప్లస్‌ప్లస్‌కి స్టాండర్డన్నదే లేదు, అది 1998లో వచ్చింది. ఆ తర్వాత సీ కూడా 1999లో ఓసారి, 2011లో ఓసారి మారింది. తమరు మారలేదు. పండక్కొచ్చిన కొత్తల్లుణ్ణి ఎప్పుడెళ్తారని అడిగే అలవాటు గోదారి జిల్లాల్లో లేదు కదండీ, అంచేత వడ్డిస్తూనే ఉన్నాం. 2023 నాటి ఆర్23 సిలబస్‌లో కూడా మొదటి వారంలోనే ఇప్పటి కంపైలర్ జీసీసీ పక్కన తమరికో పీట వేశారు.

ఆ పీట వెయ్యడం మాత్రం తేలిక కాదండోయ్. తమరిది 16 బిట్ల ప్రాణం. 64 బిట్ల విండోస్ తమర్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. అందుకని డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ తెరవాలి, మౌంట్ కమాండ్‌తో సీ డ్రైవ్ తగిలించాలి, ఫోల్డర్లోని బిన్‌లోకి దిగాలి, టీసీ అని కొట్టాలి. అప్పుడు తమరి నీలం తెర దర్శనం. కొత్త కంప్యూటర్‌లో పాత కంప్యూటర్ వేషం కట్టించి, ఆ వేషంలో తమర్ని నడిపిస్తూ, "మన సిస్టాలు పాతవండీ, జీసీసీ గట్రా నడవవు" అంటారు పెద్దలు.

డాస్‌బాక్స్‌కీ తమరికీ ఒక చిన్న పాత తగాదా ఉంది. ప్రోగ్రాం నడపడానికి తమరికి కంట్రోల్ ఎఫ్9. మామూలు డాస్‌బాక్స్‌కి అదే కంట్రోల్ ఎఫ్9 అంటే, ఉన్నపళంగా మూసెయ్యమని. కుర్రాడు హాస్టల్లో సొంతంగా వేసుకుని, నలభై లైన్ల మ్యాట్రిక్స్ గుణకారం టైప్ చేసి, ల్యాబులో నేర్పినట్టే రన్ కొడతాడు. తెరా ఉండదు, మ్యాట్రిక్సూ ఉండదు. దీనికి విరుగుడు ముందు ఎఫ్2 కొట్టి సేవ్ చేసుకోవడం, ఆనక ఆల్ట్ ఆర్‌తో మెనూ తెరిచి అందులోంచి రన్ చెయ్యడం. లేదా కంట్రోల్ ఎఫ్1తో డాస్‌బాక్స్ కీమ్యాపర్‌లోకి వెళ్లి ఆ మీటల జత మార్చుకోవడం. కొన్ని తయారు ప్యాకేజీల్లో ముందే మార్చి ఇస్తారు, అంచేత ఒకడి లాప్‌టాప్‌లో పోయింది పక్కవాడి దాంట్లో పోదు. ఇద్దరూ కలిసి వైరస్ అనుకుంటారు.

ఇక తమరి లెక్కల సంగతి. పూర్ణాంకాలు దాచే తమరి ఇంట్‌కి రెండు బైట్లే, 32,767 దాటితే కళ్లు తిరుగుతాయి. ఎకరానికి 30 బస్తాలు, బస్తా 75 కిలోలు అనుకోండి. 14 ఎకరాల రైతుకి 31,500 కిలోలని బుద్ధిగా చెబుతారు. 15 ఎకరాలు చేసేవాడికి 33,750 రావాలి కదా, మైనస్ 31,786 అంటారు. ఎకరం పెరిగిన పాపానికి ఆ రైతే మిల్లుకి ధాన్యం బాకీ పడ్డాడు.

వరదల్లో తమర్ని ధవళేశ్వరం దగ్గర కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి. అది తమరి ఇంట్‌లో వేస్తే 16,960 అవుతుంది, లంకవాళ్లు చాపలేసుకుని పడుకోవచ్చు. రెండోది 13 లక్షలకి. తమరి లెక్కలో మైనస్ 10,720, అంటే గోదారి వెనక్కి తిరిగి పాపికొండల దారి పట్టింది. 17 లక్షలకి మూడోది, మైనస్ 3,936. పాపం, ఎగువకి ఎక్కీ ఎక్కీ అలిసినట్టుంది.

ఇంకా పెద్ద అంకెలు పట్టే లాంగ్ అని పెట్టుకోవచ్చు కదా అంటారు. ఆయ్, పెట్టుకుంటాం. కానీ జవాబొక్కటే లాంగైతే చాలదు. ఎకరాలూ బస్తాలూ కిలోలూ ఇంట్‌లుగానే ఉంటే, గుణకారం ఇంట్‌లోనే జరిగి, అక్కడే పాడయ్యి, ఆ పాడైందే లాంగ్‌లోకి వస్తుంది. గుణించేవాటిలో మొదటిదాన్నైనా లాంగ్ చెయ్యాలి, అచ్చువేసేటప్పుడు పర్సెంట్ డి బదులు పర్సెంట్ ఎల్‌డి రాయాలి. ఇదంతా ఎవరు చెబుతారండీ? 8 ఫ్యాక్టోరియల్ అడిగితే తమరు మైనస్ 25,216 అంటారు. అందుకే రికార్డుల్లో ఎడంపక్క తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసే ఔట్‌పుట్ ఎప్పుడూ 5 ఫ్యాక్టోరియలే.

లెక్క తప్పితే కనీసం కనబడుతుంది. మెమరీ అడ్రసులు పట్టుకునే పాయింటర్ల దగ్గర తమరు చూపించే మర్యాద మాత్రం కొంప ముంచేదే. నోడ్‌లని గొలుసులా తగిలించే లింక్డ్ లిస్ట్‌లో చివరి నోడ్ తీసేశాక, ఎక్కడికీ చూపని నల్ పాయింటర్ పట్టుకుని దాని నెక్స్ట్‌లో ఏదో రాస్తాడు పిల్లాడు. లైనక్స్‌లో అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని అక్కడికక్కడే చెంప పగులుతుంది. తమరి కాలంలో మెమరీకి కాపలా లేదు, రాయనిస్తారు. డేటా సెగ్మెంట్ మొదట్లో తమర్ని కన్న బోర్లాండ్ వారి కాపీరైట్ ముక్క ఒకటి దాచుకుని, ప్రోగ్రాం అయిపోయాక అది చెరిగిందా లేదా చూసుకుని, చెరిగితే "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని ఒక్క లైను గొణుగుతారు. ఎప్పుడు? తెర ఆగడానికి చివర పెట్టిన గెట్‌సీహెచ్ కూడా దాటి, తెర మళ్లీ నీలంగా మారే క్షణంలో. ఆల్ట్ ఎఫ్5 కొట్టి వెనక్కి చూసినవాడికే ఆ ముక్క కనబడుతుంది. చూడరు. సార్ ఎర్ర సంతకం పెట్టేస్తారు.

ఆ రికార్డు పేరేమో సీ ల్యాబ్. తమరు తెరిచే ఫైలు పేరు నోనేమ్00 డాట్ సీపీపీ. అంటే రాసింది సీ, తమరు చదివేది సీ ప్లస్‌ప్లస్. మెమరీ అడిగి తెచ్చే మాలాక్ ముందు స్ట్రక్ట్ నోడ్ స్టార్ అని బ్రాకెట్లో ఎందుకు పెట్టాలని వైవాలో అడిగితే "పెట్టకపోతే ఎర్రర్ వస్తుంది సార్" అంటారు. నిజమే, సీపీపీ ఫైల్లో వస్తుంది. సీలో రాదు, అక్కర్లేదు. అదే ఫైల్ని డాట్ సీ అని సేవ్ చేస్తే అప్పుడు ఫర్ లోపల ఇంట్ ఐ అన్నందుకు కసురుతారు. క్లియర్‌స్క్రీన్ తర్వాత వేరియబుల్ ప్రకటిస్తే "డిక్లరేషన్ ఈజ్ నాట్ అలౌడ్ హియర్" అంటారు.

గ్రాఫిక్స్ అయితే మరీనండి. బొమ్మల తెర మొదలెట్టే ఇనిట్‌గ్రాఫ్‌లో, గ్రాఫిక్స్ డ్రైవర్లుండే బీజీఐ ఫోల్డర్ దారి రాసేటప్పుడు బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి. ఇంగ్లీషు స్మాల్ లెటర్లలో రాసి ఒక్కటే కొడితే, టీసీ ముందున్నది ట్యాబ్ అవుతుంది, బీజీఐ ముందున్నది బ్యాక్‌స్పేస్ అవుతుంది. "గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్" అంటారు తప్ప దారి తప్పిందని చెప్పరు.

తమరి దగ్గర పెరిగిన పిల్లలు బయట అడుగు పెడితే ఏమవుతోందో తమరికి కబురందినట్టు లేదు. ప్లేస్‌మెంట్ కోడింగ్ రౌండ్‌కి కూర్చుని అలవాటుగా కోనియో డాట్ హెచ్ పెడతారు, అలాంటి ఫైలే లేదంటుంది. ఐయోస్ట్రీమ్ డాట్ హెచ్ అన్నా అంతే. వాయిడ్ మెయిన్ అంటే సీలో జీసీసీ మహా అయితే వార్నింగ్‌తో వదిలేస్తుంది గానీ, సీ ప్లస్‌ప్లస్ అయితే మెయిన్ ఇంట్ తిరిగివ్వాల్సిందేనని ఆపేస్తుంది. లాజిక్ వచ్చినవాడు కూడా హెడర్ల దగ్గరే పావుగంట పోగొట్టుకుంటాడు.

బిట్ పేపర్లలో మాత్రం తమరి మాటే వేదం. ఐ విలువ 5, ఒకే ప్రింట్‌ఎఫ్‌లో మూడుసార్లు ఐ ప్లస్‌ప్లస్, ఏమొస్తుంది? 7 6 5 అని టిక్కు పెట్టాలి. తమరు కుడి నుంచి ఎడమకి లెక్కిస్తారు గనక అలా వస్తుంది. సీ స్టాండర్డ్ ప్రకారం దానికి సరైన జవాబే లేదు, ఏదొచ్చినా కంపైలర్‌ని తప్పు పట్టలేం. ఆ ఆప్షన్ ఇవ్వరండి.

కాబట్టి మనవి. సెమిస్టర్ మధ్యలో లేవమనం. సెలవుల్లో ప్రతి సిస్టంలో ఉబుంటు వేసి బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ దింపిస్తాం. మొదటి ల్యాబ్ నుంచే జీసీసీని ముఖ్యమైన వార్నింగ్‌లు చూపించే వాల్ ఆప్షన్‌తో నడిపిస్తాం. లింక్డ్ లిస్ట్ వారం వచ్చేసరికి మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ని కూడా మైనస్ జీ ఆప్షన్‌తో కలిపి తగిలిస్తే, తప్పు ఏ లైన్లో ఉందో అదే చెబుతుంది. మొదట్లో మాన్యువల్లోని ప్రోగ్రాములు సగం కంపైల్ కావు. వాటిని సరిదిద్దడమే మొదటి రెండు ల్యాబుల పని. మాన్యువల్ మళ్లీ అచ్చువెయ్యాలి, ఖర్చుకి యాజమాన్యం మొహం చిట్లిస్తుంది, అది మేం చూసుకుంటాం.

తమరు కూర్చున్న ఫోల్డర్ మాత్రం చెరిపించం. ల్యాబ్ పరీక్షకి ఎక్స్‌టర్నల్‌గా వచ్చే పెద్దాయన "కంట్రోల్ ఎఫ్9 దేనికి?" అని అడగడం మానేదాకా ఉంచుతాం.

ఇట్లు,
తమరి నీలం తెర చూసి చూసి కళ్లు కాయలు కాసిన
సీ ల్యాబ్ వాళ్లు

తా.క.: ఈ ఉత్తరం తమరికి పంపుదామంటే ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదంటున్నారు. దయచేయి అని పెట్టబోతే తమరికి తెలుగు రాదన్నారు. ప్రింటు తీసి మానిటర్‌కి అంటించాం.