స్నేక్ ప్లాంట్ ఎయిర్ ప్యూరిఫయర్ కాదు

"పడకగదిలో నాలుగు స్నేక్ ప్లాంట్లు పెడితే గాలి శుద్ధి అవుతుంది. అవి రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయి. వెలుతురు అక్కర్లేదు. గాజు గిన్నె అడుగున గులకరాళ్లు పరిస్తే చిల్లు కూడా అవసరం లేదు. నాసాయే చెప్పింది!" గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న మెసేజ్ సారాంశం ఇది.

ముందు నాసా సంగతి. 1989లో బిల్ వుల్వర్టన్ బృందం చేసిన ప్రయోగంలో మొక్కలు గాలిలోని బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర రసాయనాలను తగ్గించిన మాట నిజమే. కానీ అది జరిగింది గాలి చొరబడని పెట్టెల్లో. మన గదుల్లో తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి వస్తూ పోతూనే ఉంటుంది. కమింగ్స్, వేరింగ్ అనే పరిశోధకులు 2019లో పాత ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి లెక్కగట్టారు. ఆ మామూలు గాలి మార్పిడికి సరితూగాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. పోనీ, 10 చాలనుకుందాం. మంచం ఎక్కడ వేస్తారు?

రాత్రి ఆక్సిజన్ అన్నది సగం విని చెప్పిన మాట. స్నేక్ ప్లాంట్ ఆకు రంధ్రాలు రాత్రిపూట తెరుచుకుంటాయి. కానీ అది కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడానికి. ఆక్సిజన్ తయారు కావాలంటే వెలుతురు ఉండాల్సిందే.

వెలుతురు అక్కర్లేదా? నేరుగా ఎండ పడనక్కర్లేదు, అంతే. జీజీ ప్లాంట్ (ZZ అనే ఇంటి మొక్క) మసక మూలలోనూ కొన్నాళ్లు ఓర్చుకుంటుంది గానీ ఎదగదు. మనీ ప్లాంట్ అయితే ఫిర్యాదు బయటికే చెబుతుంది: ఆకుల మీది పసుపు చారలు మాయమవుతాయి, కణుపుల మధ్య తీగ సాగిపోతుంది. ఆ మూల అలంకరించి తీరాలనుకుంటే రెండు కుండీలు పెంచి, ఒకటి మూలన, ఒకటి కిటికీ దగ్గర పెడుతూ మార్చుకోండి.

ఎక్కువ మొక్కల్ని చంపేది మాత్రం గులకరాళ్ల సలహాయే. మట్టి పూర్తిగా నానిపోయేదాకా నీరు రాళ్లలోకి దిగదు. అంటే రాళ్లు పోసినకొద్దీ తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది. మొదలు దగ్గర వేలితో నొక్కితే ఆకు మెత్తగా తగులుతుంది, మట్టి పుల్లటి వాసన కొడుతుంది. అప్పటికే వేరు కుళ్లింది. గిన్నె మీద అంత మోజుంటే మొక్కను చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని గిన్నెలో దింపండి. అంచు కనబడకుండా పైన కొబ్బరి పీచు పరవండి. నీళ్లు పోశాక గిన్నెలో చేరినవి ఒంపేయండి. గాజులో వేళ్లు కనబడే అందమే కావాలంటే మనీ ప్లాంట్ తీగను కణుపు మునిగేలా వేర్వేరు ఎత్తుల సీసాల్లో పెట్టి కిటికీ గట్టు మీద వరసగా పేర్చండి. నీళ్లు మారుస్తుంటే చాలు, మట్టి గొడవే ఉండదు.

మెసేజ్‌లో లేని మాట ఒకటుంది. మనీ ప్లాంట్ ఆకు నమిలితే నోరు మండుతుంది. పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో దాన్ని అందనంత ఎత్తున వేలాడదీయండి, తీగ కిందికి జారినప్పుడల్లా కత్తిరించండి.