పారిపోదామంటే వంతెన పట్టలేదు

నాటింగ్‌హామ్‌లో మా వీధి చివరి ఇంటి పెద్దమనిషి ఒక ఆదివారం నన్ను యుద్ధానికి పిలిచాడు. ఆ ఊళ్లో ఇది వింత కాదు. బొమ్మ సైనికులను తయారుచేసే సంస్థలు ఊళ్లోనూ చుట్టుపక్కలా ఎంత చిక్కగా ఉన్నాయంటే ఆ ప్రాంతానికి ‘లెడ్ బెల్ట్’, అంటే సీసపు పట్టీ, అనే పేరే పడిపోయింది. ఒక్కో సైనికుడి ఎత్తు 28 మిల్లీమీటర్లు. ఆ మాత్రం దేహానికి కోటు గుండీలు ఒక రంగు, తోలు పటకా ఒక రంగు, గీసుకోని గడ్డానికి నీలి నీడ. ఇంటి గేటుకు రంగు వేయడానికి ఏళ్ల తరబడి తీరిక చిక్కని మగవాళ్లు ఈ గడ్డాలకు మాత్రం భూతద్దం పెట్టుకుని మరీ వేస్తారు.

యుద్ధం స్పెయిన్‌ది. స్పెయిన్ అంతర్యుద్ధం అనగానే మనకు 1936 గుర్తొస్తుంది. ఇది దానికి తాతల నాటిది. 1833లో మొదలై 1840 వరకు సాగిన మొదటి కార్లిస్ట్ యుద్ధం. అందులోనూ మా ఆతిథేయి ఏరుకున్నది 1835 జూలై 16న నవార్ ప్రాంతంలో, మెందిగొర్రియా దగ్గర జరిగిన పోరు. కార్లిస్టులు, అంటే గద్దె తనదేనన్న డాన్ కార్లోస్ పక్షం వాళ్లు, ఆర్గా నదిని వీపున పెట్టుకుని నిలబడ్డారు, దెబ్బతిన్నారు, వంతెన మీదుగా వెనక్కి మళ్లారు. వాళ్ల రాజు డాన్ కార్లోస్ వెంట్రుకవాసిలో శత్రువు చేతికి చిక్కకుండా తప్పించుకున్నాడు. ఆ వెనక్కి మళ్లే సైన్యాన్ని నా చేతిలో పెట్టారు.

బావగారిని వెంట తీసుకువెళ్లాను. అక్కా బావా ఆ వేసవి మా ఇంట్లో ఉన్నారు. బావగారు రోడ్లు, భవనాల శాఖలో డి.ఇ.గా పనిచేసి రిటైరయ్యారు. విమానం దిగినప్పటి నుంచీ ఆయనకు ఒకటే దిగులు, ఈ దేశంలో తనిఖీ చేయడానికి తనకు ఏమీ దొరకడం లేదని. యుద్ధం అనగానే పెదవి విరిచారు గానీ, నదీ వంతెనా ఉన్నాయనగానే బూట్లు వేసుకున్నారు.

భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, థర్మోకోల్ కొండలు పేర్చి, ఒక అంచున నీలిరంగు నది పోశాడు ఆతిథేయి. అంపైరు కూడా ఆయనే. అవతలి పక్షాన జనరల్ కోర్దొవాగా ఒక రిటైర్డ్ భూగోళం మాస్టారు. మొదట అంపైరు కారణాలు వివరించాడు. 1833 సెప్టెంబరు 29న రాజు ఫెర్దినాండ్ పోయాడు. కూతురు ఇసాబెల్లాకు మూడేళ్లు నిండడానికి ఇంకా 11 రోజులుంది. గద్దె పిల్లదని తల్లి, నాదని పినతండ్రి కార్లోస్. ఆడపిల్లలను వెనక్కి నెట్టే చట్టాన్ని 1713లో ఐదో ఫిలిప్ తెచ్చాడు. 1789లో దాన్ని రద్దు చేయాలని తీర్మానించారు గానీ ఆ తీర్మానాన్ని ప్రకటించలేదు. 1830లో ఫెర్దినాండ్ దాన్ని బయటికి తీసి ప్రకటించాడు.

“అంటే 41 ఏళ్లు ఫైలు కదలలేదన్నమాట” అన్నారు బావగారు, మొదటిసారిగా ఆ దేశం మీద గౌరవం కలిగి. “దాయాదుల తగాదా మన దగ్గరా ఉన్నదే. అసలు దోషం సెక్షన్ గుమాస్తాది.”

మా పక్షానికి ఆనాడు ఇంకో దురదృష్టం ఉంది. కార్లిస్టుల్లో అసలైన సేనాని సుమలకార్రెగి. బిల్బావో ముట్టడిలో కాలికి తూటా తగిలి, ఆ మామూలు గాయంతోనే జూన్ 24న కన్నుమూశాడు. అంతటి మొనగాడు పోయిన మూడు వారాలకే ఈ పోరు. ఆయన స్థానంలో మొరేనో వచ్చాడు. 1831లో టొర్రిహోస్ అనే జనరల్‌కు మాయమాటలు చెప్పి మలగా తీరానికి రప్పించి, అనుచరులతో సహా కాల్చి చంపించిన ఘనుడు. వల పన్నడం తెలిసినంతగా సైన్యాన్ని నడపడం తెలియదని అంపైరు తీర్పు. అందుకని నా సేనానికి చాలా తక్కువ మార్కులు వేసి ఒక అట్టముక్క చేతికిచ్చాడు. ఏ దళానికి ఆజ్ఞ ఇవ్వాలన్నా రెండు పాచికలు వేసి, ఆ మార్కులకు మించకుండా పడాలి. మించితే ఆజ్ఞ గాలికి పోయినట్టే.

గెలుపు షరతు మాత్రం ఉదారంగా ఉంది. ఎనిమిది వంతుల్లో రాజూ, సగం బెటాలియన్లూ వంతెన దాటి బల్ల అవతలి అంచు చేరితే చాలు, నేను గెలిచినట్టే. అంటే ఎంత చక్కగా పారిపోతే అంత ఘనవిజయం. ఇలాంటి పోటీ దొరకాలని నేను చాలాకాలంగా కోరుకుంటున్నాను.

దెబ్బ తిన్న దళం గుండెదిటవు పరీక్షకు రెండు పాచికలు వేయాలి. ఎక్కువ పడితే నిలబడుతుంది, తక్కువ పడితే వంతెన వైపు పరుగు తీస్తుంది. పుట్టి బుద్ధెరిగి నాకు ఏ ఆటలోనూ పెద్ద అంకె పడలేదు. ఆ రోజు వరసగా పదకొండు, పది, పన్నెండు. నవార్ బెటాలియన్లు మూడు దిక్కులా తూటాలు తింటూ కూడా అంగుళం కదలలేదు. “మీ వాళ్లు అద్భుతంగా పోరాడుతున్నారు” అని మాస్టారు మెచ్చుకున్నాడు. పొమ్మంటే పోని అల్లుణ్ని చూసినట్టు చూశాను వాళ్లను.

ఈలోగా బావగారు కుడివైపు నుంచి ఎర్ర టోపీల దళం ఒకదాన్ని ఎంచక్కా వంతెన దగ్గరికి నడిపించుకొచ్చారు. కార్లిస్టు అంటే గుండ్రటి బాస్క్ టోపీ అని ఆయనకు నేనే చెప్పాను. నిజమే, నీలివీ తెల్లవీ ఎర్రవీ పెట్టేవారు. అయితే చపెల్‌గొర్రీలని ఒక బాస్క్ స్వచ్ఛంద దళం ఉంది. వాళ్లవీ ఎర్ర టోపీలే, కానీ వాళ్లు రాణి పక్షం. అంపైరు వాళ్లకు ఎంతో శ్రమపడి రంగులు వేశాడు కాబట్టి మెందిగొర్రియాలో దింపేశాడు. రంగు వేసిన బొమ్మను పెట్టెలో ఉంచడం ఈ వ్యసనపరుల వల్ల కాని పని. శత్రువు తన దళాన్ని మోసుకొచ్చి తమ రాజు పక్కన నిలబెట్టడం చూసి మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మర్యాదగా, వాళ్లు అక్కడే ఉంటామంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు.

“యూనిఫారం ఇద్దరికీ ఒకటే ఇస్తే క్షేత్రస్థాయి సిబ్బంది ఏం చేస్తారు?” అన్నారు బావగారు. ఆ దళాన్ని చేత్తో తీసి వెనక్కి పెట్టారు గానీ తప్పు ఒప్పుకోలేదు.

ఐదో వంతులో పాచికలు కరుణించాయి. ఒక బెటాలియన్‌కు మూడు పడింది. ఆనందంగా దాన్ని వంతెన మొదటికి జరిపాను. అక్కడ ఆగిపోయింది. తోశాను. పట్టలేదు.

సైనికులను ఆరుగురు చొప్పున 45 మిల్లీమీటర్ల చదరపు పీఠం మీద అతికిస్తారు. నాలుగు పీఠాలు ఒక బెటాలియన్. వంతెన పిట్టగోడల మధ్య ఖాళీ 40 మిల్లీమీటర్లు. పక్కకు తిప్పి చూశాం. చదరం ఎటు తిప్పినా చదరమే. పిట్టగోడల మీదికి ఎక్కించి చూశాం. ఆరుగురూ కల్లు తాగినట్టు ఒక పక్కకు ఒరిగి, జెండా పట్టుకున్నవాడు నదిలో పడ్డాడు.

బావగారి ముఖం వెలిగిపోయింది. మాస్టారి చేతిలోని టేపు తీసుకుని బల్ల మీదికి వంగారు.

“వంతెన నమూనా ఎక్కడిది?” అని అడగమన్నారు నన్ను.

పుయెంతె లా రెయినాలోదట. అదే ఆర్గా నది మీద కొంచెం ఎగువన ఉన్న ఊరు. శాంతియాగో క్షేత్రానికి నడిచివెళ్లే యాత్రికుల కోసం మధ్యయుగాల్లో కట్టిన రాతి వంతెన, కమానులతో ఫోటోలో ముచ్చటగా ఉంటుంది. అందుకని అంపైరు దాన్నే చెక్కి, ఒక్కో రాయికీ విడివిడిగా బూడిదరంగు వేసి, మెందిగొర్రియాలో ప్రతిష్ఠించాడు.

“కాలినడక యాత్రికుల వంతెన తెచ్చి సైన్యానికి పెట్టాడా! సరే, స్కేలు ఎంత?”

ఇక్కడే అసలు గొడవ బయటపడింది. ఈ ఆటల్లో స్కేలు ఒకటి కాదు, మూడు. బొమ్మ ఎత్తు ఒక స్కేలు. ఒక బొమ్మ 20 మందితో సమానం, అది రెండోది. నేల మీద ఒక అంగుళం 20 గజాలు, అది మూడోది. మొదటి లెక్కలో వంతెన ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచే దారి. మూడో లెక్క బావగారు కాగితం మీద వేశారు. 40 మిల్లీమీటర్లంటే అంగుళంన్నర పైన. అంటే దాదాపు 31న్నర గజాలు, సుమారు 29 మీటర్లు.

“29 మీటర్లయ్యా! నాలుగు వరుసల జాతీయ రహదారి పడుతుంది! దాని మీద ఒక బెటాలియన్ పట్టదంటే ఎలా? అతనికి చెప్పు, ఎం-బుక్కులో ఇలాంటి కొలత రాస్తే సస్పెండ్ చేస్తారని.”

చేసిన పనుల కొలతలు రాసే ఆ ఎం-బుక్కును ఇంగ్లీషువాళ్లకు వివరించడం నా వల్ల కాలేదు. ‘మీ వంతెన మీద మా బావగారికి సందేహాలున్నాయి’ అని మాత్రం చెప్పాను. అంపైరు ఎర్రబడ్డాడు. తానే చూస్తానని పొడవాటి ఉన్ని స్వెట్టరు చేయి చాచి, బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి కొలిచాడు. 40. మళ్లీ కొలిచాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వితే బాగుండేది. టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్లిపోయాడు.

అప్పుడు చూశాను, రాజు లేడు.

డాన్ కార్లోస్ బొమ్మ అప్పటిదాకా వంతెన పక్కనే నల్ల కోటుతో, మొలన కత్తితో నిలబడి ఉంది. దాని చోట గుడ్డ మీద గుండ్రటి గుర్తు మాత్రం మిగిలింది. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని తివాచీ తడిమాడు. నేను కొండలు ఎత్తి చూశాను. బావగారు నదిని లేపి అడుగున వెతికారు. తన మనుషులే బందీగా పట్టుకున్నారని మాస్టారు ఒక్క క్షణం ఆశపడ్డాడు గానీ చపెల్‌గొర్రీల చుట్టూ కూడా రాజు కనపడలేదు.

వంటగదిలోంచి ఇంటావిడ గొంతు వినిపించింది. “నీ మోచేతికి ఎవరో వేలాడుతున్నారు.”

రాజుగారికి వార్నిష్ ముందు రాత్రే వేశారట. ఇంగ్లండు తేమకు అది ఆరలేదు. దానికి తోడు మొలలోని కత్తి మొన కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంది. వంతెన కొలిచేటప్పుడు ఉన్ని కుట్టులో చిక్కుకుని, అంపైరు మోచేతిని ఆశ్రయించి, స్పెయిన్ వదిలి వెళ్లిపోయాడు. ఆవిడ జాగ్రత్తగా విడదీసి, కడిగిన చెంచాల పక్కన నిలబెట్టింది.

గొడవ మొదలైంది. రాజు బల్ల అంచు దాటాడా లేదా? దాటాడు, కాబట్టి సగం షరతు నెరవేరిందని నేను. మోచేయి తన వైపు అంచు మీదుగా వెళ్లింది, అంటే తన సైన్యం మధ్యలోంచి పోయాడు, కాబట్టి బందీ అయినట్టేనని మాస్టారు. అంపైరు నిబంధనల పుస్తకం తిరగేశాడు. గుర్రం మీద, బండి మీద, కాలినడకన అన్నిటికీ వేగాలున్నాయి, స్వెట్టరు మీద లేదు.

“చివరికి నిజం రాజు ఎక్కడికి పోయాడు?” అన్నారు బావగారు.

1839 ఆగస్టులో మరోతో అనే ఆయన సేనాని వెర్గారాలో శత్రువుతో సంధి చేసుకుని, రాణి పక్షపు సేనాని ఎస్పార్తేరోను అందరి ఎదుటా కౌగిలించుకున్నాడు. సెప్టెంబరు 14న డాన్ కార్లోస్ సరిహద్దు దాటి ఫ్రాన్సు వెళ్లిపోయాడు.

“ఇంకేం, వంటగది ఫ్రాన్సు. నాలుగేళ్లు ముందుగా చేరాడు. బిల్లు పాస్ చేయండి.”

అంపైరుకు ఈ వాదన నచ్చినట్టే ఉంది గానీ, ఫ్రాన్సు ఒప్పుకోలేదు. ఐదు గంటలకు కూతురూ అల్లుడూ భోజనానికి వస్తున్నారు, బల్ల ఖాళీ అయితేనే రాజు దక్కుతాడని ఇంటావిడ కబురు పంపింది. టైము పావు తక్కువ ఐదు.

అంతే. పన్నెండు పడి కదలనన్న నవార్ వీరులు పాచిక ముట్టకుండా ట్రేలలోకి నడిచారు. వెనకే వాళ్లను తరుముకొచ్చిన కోర్దొవా సేనలు కూడా అదే ట్రేలోకి, మెత్తటి స్పాంజి గుంటల్లోకి ఒదిగిపోయాయి. కొండలు సోఫా వెనక్కి పోయాయి, నది చుట్ట చుట్టుకుని బీరువా మీదికి ఎక్కింది. ఓవెన్‌లోంచి మాంసం కాలుతున్న వాసన వచ్చేసరికి యూరపులో ఎక్కడా యుద్ధమన్నదే లేదు.

బావగారు ఈ హడావుడిలో చేయి వేయలేదు. ఒక మూల కూర్చుని కాగితం మీద ఏదో గీస్తున్నారు. చెప్పులేసుకునే వేళకు తెచ్చి అంపైరు చేతిలో పెట్టారు. కొత్త వంతెన నమూనా. పిట్టగోడల మధ్య 60 మిల్లీమీటర్ల దారి, రెండువైపులా వాలు, పక్కనే సామగ్రి అంచనా. అంపైరు నిజంగానే కదిలిపోయాడు. ఎప్పటికల్లా కట్టవచ్చని అడిగాడు.

“ముందు పాత వంతెన వాడకానికి పనికిరాదని ఎవరైనా సంతకం చేసి మూసివేయాలి. అది లేకుండా కొత్తదానికి మంజూరు రాదు” అన్నారు బావగారు.

నేను తర్జుమా ముగించకముందే భూగోళం మాస్టారు పెన్ను తీసి సంతకం చేశాడు. కింద తేదీ కూడా వేశాడు. 1835 జూలై 15.