ఆ వయొలిన్ ముక్క మన డీజేలకి ఎందుకు వినపడలా?

బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్' పాటలో సర్రుమని పైకి లేచే వయొలిన్లు ఉన్నాయే, అవి యాడివో తెలిస్తే నెల్లూరోళ్ళు కాలర్ ఎగరేయొచ్చు. 1981లో వచ్చిన 'ఏక్ దూజే కే లియే'లో మన బాలు, లతా మంగేష్కర్ పాడిన 'తేరే మేరే బీచ్ మే'లోవి అవి. బాలు గొంతు తీసుకోలా, పల్లవీ తీసుకోలా, లక్ష్మీకాంత్ ప్యారేలాల్ రాసిన వాయిద్యాల ముక్కని కోసి అతికించి పాటంతా దాని మీదే నడిపించేశారు, 2005లో దానికి డాన్స్ రికార్డింగ్ గ్రామీ కూడా వచ్చింది. మనం ఇన్నేళ్ళు ఆ పాట విని బాలు గొంతుకే మురిసిపోయినాం, ఆ వయొలిన్లతో డాన్స్ చేయించొచ్చని ఎవరికి తట్టింది?

మన వైపు డీజేలతో నా పేచీ ఇదే. నిమజ్జనం కానీ పెళ్ళి ఊరేగింపు కానీ, కావలి నుంచి ఒంగోలు దాకా ఫార్ములా ఒకటే, హిట్ పాట మొత్తం ఎత్తుకోవడం, కింద ధన్ ధన్ అని బేస్ కొట్టడం, మధ్యమధ్యలో డీజే పేరు అరిపించడం. రోడ్డు మీద ఊగడానికి బాగానే ఉంటది, కాదన్ను, కానీ ఇంటికొచ్చాక మళ్ళీ పెట్టుకుని వినాలనిపించదు.

అదే అవలాంచెస్ అని ఆస్ట్రేలియా బ్యాండ్ 2000లో చేసిన 'సిన్స్ ఐ లెఫ్ట్ యూ' ఆల్బమ్ పెట్టండి. పాత రికార్డుల్లోంచి 3,500 దాకా ముక్కలు వాడారని చెప్తారు, ఒక పాట ఎక్కడ అయిపోయిందో ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలీకుండా పోతానే ఉంటది. దయచేసి షఫుల్‌లో మాత్రం పెట్టొద్దు, మొదటి నుంచి వరసగా వినాల్సిందే, రీల్స్‌లో పదిహేను సెకన్లు వింటే దాని సంగతి ఏం తెలుస్తది? గర్ల్ టాక్ అనే అమెరికా డీజే 2010లో వదిలిన 'ఆల్ డే' ఆల్బమ్‌లో 372 ముక్కలున్నాయి. అది వేరే సరదా, ప్రతి ముక్కా 'అరె ఇది ఫలానా పాట కదా' అనిపిస్తది, కాకపోతే సగం అయ్యేసరికి నాకు తల తిరిగిపోతది. ఆ గుర్తుపట్టే సరదానే కావాలంటే ఎం.ఐ.ఏ. అనే బ్రిటన్ గాయని 2007 ఆల్బమ్ 'కాలా' మొదటి పాట వినండి, మన దళపతిలో 'సింగారాల పైరుల్లోన'కి తమిళంలో ఉన్న పాటలోంచి ఇళయరాజా మోత దూసుకొస్తది, ఒళ్ళు దానంతటదే కదుల్తది.

దొంగతనం కదా అంటారు కొందరు. పేరు వేయకుండా డబ్బులు ఇవ్వకుండా వాడుకుంటే దొంగతనమే, ఇంకో మాట లేదు. 2002లో 'అడిక్టివ్' అనే అమెరికా పాటలో లత పాడిన పాట ముక్క వాడుకుంటే దానికి సంగీతం చేసిన బప్పీ లహిరి వైపు వాళ్ళు కోర్టుకెక్కారు, పేరు వేసేదాకా అమ్మకాలు ఆపమని కోర్టు చెప్పింది. డి లా సోల్ అనే అమెరికా ర్యాప్ గ్రూపు 1989 ఆల్బమ్ అయితే శాంపిల్స్ (అంటే ఇట్టా వాడుకున్న ముక్కలు) పర్మిషన్ల గొడవల్లో ఇరుక్కుని 2023 దాకా స్ట్రీమింగ్‌లోకే రాలా.

మరి కందుకూరులో లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రోడు ఆడియో కంపెనీలకి ఎక్కడ కట్టగలడు అంటే, కట్టక్కర్లా. ఊర్లో డప్పులోళ్ళున్నారు, పెళ్ళిళ్ళకి వాయించే నాదస్వరం వాళ్ళున్నారు, ఒక పూట మాట్లాడుకుని కూలి ఇచ్చి రికార్డు చేసుకుని అందులోంచి ముక్కలు కోసుకోవచ్చు. వాళ్ళ పేర్లు మాత్రం డీజే పేరు కంటే ముందు వేయాలి.