చందాల లెక్క తేల్చిన కుర్రాడు ఇంటర్వ్యూలో ఎందుకు తడబడ్డాడు?

ప్రాంగణ నియామకాల కాలం వచ్చిందంటే ఇంజినీరింగ్ కళాశాలల్లో పాఠాలు వెనక్కి జరిగి సీఆర్‌టీ, అంటే ప్రాంగణ నియామకాల శిక్షణ, తరగతులు ముందుకొస్తాయి. నిరుడు ఒక కళాశాలవారు పిలిస్తే నమూనా ఇంటర్వ్యూలు చేయడానికి వెళ్లాను. ‘బృందంలో ఎవరితోనైనా విభేదం వస్తే ఎలా పరిష్కరించారు?’ అని అడిగాను. ప్రాజెక్టు సమర్పణకు వారం ముందు సహచరుడొకడు పని మానేశాడనీ, తాను అతనితో విడిగా మాట్లాడి, పని పంచుకుని, గడువుకు ముందే పూర్తి చేశాననీ మొదటి విద్యార్థి చెప్పాడు. రెండో అమ్మాయికీ అదే వారం, అదే సహచరుడు. నాలుగో కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి ఉండబట్టలేక ‘ఆ స్నేహితుడి పేరేమిటి బాబూ?’ అన్నాను. అతడు నా వైపు చూడలేదు. తలుపు దగ్గర నిలబడిన శిక్షకుడి వైపు చూశాడు.

ఆన్‌లైన్ పరీక్షల సంగతి వేరు. టీసీఎస్ కంపెనీ నియామకాలకు పెట్టే ఎన్‌క్యూటీ వంటి పరీక్షల్లో అడిగే లెక్కలు, ఇంగ్లీషు, తార్కికత, కోడింగ్ అన్నీ గడియారం ముందు పెట్టుకుని పాత నమూనాలు చేసేకొద్దీ పట్టుబడేవే. ఆ విద్యలో మన పిల్లలకు కొత్తగా ఎవరూ నేర్పేదేమీ లేదు. చిక్కంతా గడియారం ఆగి, ఎదురుగా ఒక మనిషి కూర్చున్న తరువాతే మొదలవుతుంది. అక్కడ మనం ఇప్పిస్తున్న శిక్షణ పిల్లలను గట్టెక్కించకపోగా, వాళ్ల దగ్గర ఉన్న అసలు సరుకును కూడా దాచేయిస్తోందన్నది నా అభియోగం.

‘ఫలానా సందర్భంలో మీరేం చేశారు?’ అని ఇలా అడిగే ప్రవర్తన ఆధారిత ఇంటర్వ్యూ నిన్నమొన్నటి మోజు కాదు. మనిషి ఫలానా సందర్భంలో నిజంగా ఏం చేశాడో సేకరించి దాని ఆధారంగా అంచనా కట్టాలన్న ‘కీలక సంఘటనల’ పద్ధతిని అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్ 1954లోనే ప్రతిపాదించాడు. పరిస్థితి, బాధ్యత, చర్య, ఫలితం అనే నాలుగు మెట్ల ‘స్టార్’ పద్ధతి 1970ల్లో డీడీఐ అనే సంస్థ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అమెజాన్ అయితే తన 16 నాయకత్వ సూత్రాల చుట్టూనే ఇటువంటి ప్రశ్నలు అల్లుతుంది. 2022లో మనస్తత్వవేత్త పాల్ సాకెట్ బృందం పాత అధ్యయనాలను తిరిగి లెక్కగట్టినప్పుడు, ఉద్యోగంలో పనితీరును ముందుగా పసిగట్టడంలో అందరినీ ఒకే రకం ప్రశ్నలడిగే క్రమబద్ధమైన ఇంటర్వ్యూయే అన్నిటికన్నా ముందు నిలిచింది. కాబట్టి ఇది పోయేది కాదు.

మన శిక్షణ సంస్థలు ఆ నాలుగు మెట్లనూ వ్యాసరచన సూత్రంలా బోధిస్తున్నాయి. అడిగేవాడి పని మొదటి జవాబు తరువాతే మొదలవుతుందన్న సంగతి మాత్రం చెప్పడం లేదు. ‘ఆ మాట మీరు అతనితో ఎక్కడ అన్నారు? అతను ఏమన్నాడు? అప్పుడు మీకు ఇంకో దారి కనబడలేదా? ఈ రోజు అదే పరిస్థితి వస్తే ఏం మారుస్తారు?’ అని తవ్వుకుంటూ పోతే కంఠతా పట్టిన కథ మూడో ప్రశ్నకే కుప్పకూలుతుంది. జరిగిన సంగతికి గది, వేళ, మనుషుల ముఖాలు, అనుకోకుండా నోరుజారిన మాట ఉంటాయి. అల్లిన కథకు ఫలితం ఒక్కటే ఉంటుంది. పది మంది చేత మాట్లాడించినవారికి ఈ తేడా పట్టుకోవడం బియ్యంలో రాయి ఏరినంత తేలిక.

ఇందులో మన భాష, మర్యాద తెచ్చిపెట్టే ఇబ్బంది కూడా ఒకటుంది. ‘నేను చేశాను’ అనడం మనకు డాబు. ‘చేశాం సార్’ అంటాం. క్రియ చివర ఆ ఒక్క సున్నాలో కర్త ఊరందరిలో కలిసిపోతాడు. పెద్దల ముందు ఇది వినయం. ఇంటర్వ్యూ గదిలో మాత్రం ‘మీ వంతు ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు లేకుండా పోవడం. నేను చూసినంతలో ఏ శిక్షకుడూ ఈ ముడి విప్పే ప్రయత్నం చేయలేదు. టై కట్టుకోవడం మాత్రం అందరూ నేర్పారు.

ఆ సాయంత్రం కళాశాల గేటు బయట టీ బండి దగ్గర ఆ నాలుగో కుర్రాడే కనిపించాడు. ఊరి కబుర్లలో పడి వినాయక చవితి పందిరి సంగతి ఎత్తాడు. నిమజ్జనానికి డీజే పెట్టాలని ఒక వర్గం, వద్దని ఇంకో వర్గం. మధ్యలో చందా డబ్బు ఎవరో తిన్నారన్న పుకారు. ఇతను రాత్రికి రాత్రే కూర్చుని ఎవరెంత ఇచ్చారో, విగ్రహానికీ, మైకుకూ, ప్రసాదానికీ ఎంతయిందో అట్ట మీద రాసి పందిరి గుంజకు కట్టాడు. ఒక ఖర్చుకు రసీదు లేదు. అది తన పొరపాటేనని అందరి ముందూ ఒప్పుకుని ఆ మొత్తం తన జేబులోంచి వేశాడు. మర్నాడు రెండు వర్గాలూ ఒకే ట్రాక్టర్ వెంట నడిచాయట. పొద్దున ఇది ఎందుకు చెప్పలేదని అడిగాను. ‘అది చెప్పొచ్చా సార్? ఊళ్లో గొడవ కదా. ప్రొఫెషనల్‌గా ఉండదని మా సార్ అన్నారు.’

మొదటి తరం చదువరికి, ఇంగ్లీషులో నోరు పెగలని పిల్లకు, కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలు ఊతకర్ర అవుతాయని శిక్షకులు అంటారు. ధైర్యం విషయంలో ఆ మాట నిజమే. కాని నిజంగా జరిగిన సంగతిని విరిగిన ఇంగ్లీషులో చెప్పినవాడు రెండో ప్రశ్నకూ నిలబడతాడు. అచ్చు తప్పు లేకుండా అప్పజెప్పినవాడికి ఆ ఊతకర్ర అక్కడే జారిపోతుంది.

నేరమంతా సీఆర్‌టీ శిక్షకుడి నెత్తిన వేస్తే అన్యాయం. ఆయన చేతికొచ్చేసరికే కుర్రాడు బిట్ల ప్రపంచంలో పెరిగి ఉంటాడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఐచ్ఛికాలు, రుణాత్మక మార్కులు లేవు. జవాబు ఎప్పుడూ కాగితం మీదే ఉంటుంది, దాన్ని గుర్తుపట్టడమే తెలివి అని పదహారేళ్లకే ఒంటబట్టిన పిల్లవాడు, ‘మీరు విఫలమైన సందర్భం చెప్పండి’ అంటే ఐచ్ఛికాల కోసం వెతుక్కోక ఏం చేస్తాడు? ప్రభుత్వ ఉద్యోగం వైపు వెళ్లినా తీరు మారదు. తెలంగాణలో 2022లో ఇంటర్వ్యూలు ఎత్తేసిన తరువాత గ్రూప్-2 అంటే 600 మార్కులకు నాలుగు పేపర్లు, అన్నీ బిట్లే. సిఫారసుల భయం నిజమైనదే కనుక ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అయినా ‘నువ్వేం చేశావు?’ అని ఒక్కరూ అడగకుండానే ఇంటర్ నుంచి అధికారి కుర్చీ దాకా వెళ్లిపోగల దారి మనం వేసుకున్నాం. మధ్యలో నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో సొంతంగా చేయాల్సిన ఒకే ఒక్క పని, ఆఖరి ఏడాది ప్రాజెక్టు, హైదరాబాద్ అమీర్‌పేటలో నివేదికతో సహా తయారుగా దొరుకుతుంది. కొన్న ప్రాజెక్టులో సహచరుడితో విభేదం ఎక్కడి నుంచి వస్తుంది? బేరం దగ్గర వస్తే వచ్చిందేమో.

అందుకని సన్నద్ధత వెలుగు నింపిన హోటల్ హాలులో జరిగే వారం రోజుల కార్యక్రమం కాజాలదు. నోటుపుస్తకం తీసి, గొడవపడినవీ, ఓడిపోయినవీ, మాట పడినవీ, ఎవరూ చెప్పకుండా నెత్తికెత్తుకున్నవీ ఎనిమిదో పదో సంఘటనలు ముందు తెలుగులోనే రాసుకోవాలి. ‘చేశాం’ అని రాసిన ప్రతిచోటా ఎవరు చేశారో తేల్చాలి. అంకెలు ఉంటే అంకెలు, తప్పు ఉంటే తప్పు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు కిరాణా కొట్టు నడిపిన నెల, కౌలు పొలంలో మోటారు కాలిపోయిన రాత్రి, హాస్టల్ మెస్ కమిటీలో కూరల లెక్క, అన్నీ పనికొస్తాయి. ఇంగ్లీషులోకి మార్చుకోవడం ఆ తరువాతి పని, మాటలు చిన్నవైనా సరే. ఆపైన ఒక స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘తరువాత?’, ‘ఎందుకు?’ అని విసుగొచ్చేదాకా అడిగించుకోవాలి. దానికి రుసుము లేదు.

కళాశాలలు చేయగలిగింది అంతకన్నా తేలిక. ప్రాజెక్టు వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, తెరమీద బొమ్మలు చూపించడం ఆపించి, ఏది పనిచేయలేదు, దానికి ఎవరు ఏం చేశారు అని ఒక్కో విద్యార్థిని పావుగంట విడిగా అడిగితే చాలు. నేను వెళ్లిన కళాశాలలో ఈ మాటే అంటే, వైవా మొత్తం బృందానికి కలిపి పది నిమిషాలేనని, బయటి పరీక్షకుడికి నాలుగింటి బస్సు ఉంటుందని విభాగాధిపతి చెప్పారు.