నోరా చేసిన తప్పేది?
నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’లో భార్య నోరా మొదటి నుంచీ చివరి దాకా కన్ఫ్యూషియన్ నీతికి, అంటే పాత చైనా కుటుంబ ధర్మానికి, ఎదురు తిరిగిన మనిషేనని ఒక వ్యాసంలో చదివాను. ఆమె ఇల్లు వదిలే చివరి సీను విషయంలో అయితే ఒప్పుకుంటాను, అంతకుముందు మాత్రం కాదు. ఆమె ఫోర్జరీ ఎందుకు చేసింది? జబ్బుపడ్డ భర్తను ఇటలీ తీసుకెళ్ళడానికి అప్పు కావాలి. చావుబతుకుల్లో ఉన్న తండ్రిని హామీ సంతకం అడిగి కంగారుపెట్టడం ఇష్టంలేక తనే పెట్టేసింది, అదీ ఆయన పోయిన మూడు రోజుల తర్వాతి తేదీతో! పెళ్ళికి ముందు తండ్రి మాట, తర్వాత భర్త మాట, ఆయన పోతే కొడుకు మాట అనే పాత చైనా లెక్కలో చూస్తే (మనుస్మృతిదీ దాదాపు ఇదే లెక్క) ఇందులో పితృభక్తీ ఉంది, పతిభక్తీ ఉంది. ఆ లెక్క నమ్మేవాళ్ళకు మింగుడుపడనిది ముగ్గురు పిల్లల్ని వదిలి గడప దాటడమే. 1919లో చైనా రచయిత హూ షీ ఇదే నాటకం స్ఫూర్తితో రాసిన నాటిక చూడండి. అందులో ఇల్లు వదిలేది భార్య కాదు, పెళ్ళికాని కూతురు. బయట ప్రియుడి కారు సిద్ధంగా ఉంటుంది, పిల్లల గొడవే లేదు. ఆ మాత్రానికే ఆ వేషం వేయడానికి అమ్మాయిలు దొరకలేదు. 1923లో మరో చైనా రచయిత లూ షున్ బీజింగ్‌లో విద్యార్థినుల ముందు ఇంకో మాట అన్నాడు: చేతిలో డబ్బు లేకపోతే నోరా చెడిపోవాలి, లేదా వెనక్కి రావాలి. ఎమ్మేలో ఈ నాటకం చదువుతూ మా అమ్మమ్మకు కథంతా చెప్పాను. పిల్లల గురించి తిడుతుందనుకున్నా. చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, “మరి తిండికేం చేసిందే?” అంది.