బుల్లెట్ లీకుకి అయిదు చిట్కాలట!

"పాత బుల్లెట్‌లో ఆయిల్ లీకు జన్మలో రాదు, అయిదు చిట్కాలు" అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. పంపేవాళ్ళలో ఒక్కరైనా అందులో చెప్పింది చేసి చూశారా అని నా అనుమానం.

"అన్నిచోట్లా రాగి వాషరే." పెట్రోల్ ట్యాపుకి కూడానా? రాగి నలిగి సందు మూసుకోవాలంటే గట్టిగా బిగించాలి. ఆ బిగింపు ఇత్తడి ట్యాపు తట్టుకోదు. అక్కడ ఫైబర్ వాషరో, లోపల రబ్బరు అంచు ఉన్న డౌటీ వాషరో చాలు. బాగా వేడెక్కే చోట మాత్రం రాగే. డౌటీలో ఉండే మామూలు నైట్రైల్ రబ్బరు అక్కడ బిరుసెక్కి పగుల్తుంది.

"లండన్ వాషర్లే కొనండి." సైజు సరిపోతే రాగి ఏ ఊరిదైనా రాగే.

"కారితే ఇంకో అర చుట్టు బిగించండి." అల్యూమినియం ఇంజిన్ కేసులో, ఆయిల్ దింపే స్టీలు డ్రెయిన్ నట్టుని అలాగే బిగించండి. త్రెడ్ (మరచుట్లు) పోయాక హెలికాయిల్, అంటే కొత్త మరచుట్లకి తీగచుట్ట, వేసేవాడి నంబరు కూడా ఆ మెసేజ్‌లోనే పెడితే బావుండేది.

అసలు నా ఒళ్ళు మండింది నాలుగోదానికి: "రాకర్ ఆయిల్ పైపు బాంజో వాషర్లకి సిలికాన్ పేస్టు పూయండి." రాకర్లంటే ఇంజిన్ పైభాగంలో వాల్వులు తెరిచే మీటలు. బాంజో అంటే ఆ పైపు చివర, బోలు బోల్టు దూరే ఉంగరం లాంటి అతుకు. బిగించగానే పేస్టు బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. బయటిది గుడ్డతో తుడిచేస్తాం, లోపలిది ఎవరు తుడుస్తారు? అది గట్టిపడి, ముక్కలై, ఆయిల్ వెళ్ళే సన్నటి బెజ్జంలో ఇరుక్కుంటుంది. రాకర్లకి ఆయిల్ ఆగిపోతుంది. లీకు లేదు కదా అని మీరు సంతోషంగా తిరుగుతుంటారు. ఎండిన రాకర్ల టకటకని కూడా "అబ్బ, బుల్లెట్ సౌండ్" అని మురిసిపోతారేమో! బాంజోకి అటొకటి ఇటొకటి, రెండు మెత్తటి రాగి వాషర్లు, శుభ్రంగా ఉన్న ముఖాలు. పేస్టుకి అక్కడ పనే లేదు.

"పాత వాషర్ తిరగేసి వాడండి" అన్నది సగం నిజం. తిరగేస్తే చాలదు. ఒకసారి నలిగిన రాగి బిరుసెక్కుతుంది. గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో వేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. నల్ల పొర పోయేలా అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి రుద్దితే చాలు. అల్యూమినియం వాషర్‌తో ఈ ప్రయోగం చేయకండి, ఎర్రబడకుండానే కరిగిపోతుంది.

అయితే మెసేజ్ అడుగున, చిట్కాల లెక్కలో కూడా చేర్చని ఒక లైనుంది: "ఎన్ని వాషర్లు మార్చినా కారుతుంటే బ్రీదర్ చూడండి." ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. బ్రీదరంటే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం. దాని చివర బాతు ముక్కులా ఉండే డక్‌బిల్ రబ్బరు అతుక్కుపోతే పిస్టన్ దిగినప్పుడల్లా గాలి బయటికి పోలేక, ఏ సందు దొరికితే ఆ సందులోంచి ఆయిల్‌ని తోస్తుంది. ముందు ఆ రబ్బరు మార్చండి, వాషర్ల సంగతి తర్వాత.